నలభై వేల సంతకాలు

ఆ చట్టం పాసయిన సాయంత్రం నాన్న టీవీ కట్టేశాడు. అమ్మ లేచి మళ్లీ పెట్టింది. ముప్పై ఏళ్ల సంసారంలో వాళ్ల తగాదాలు ఎప్పుడూ అంతకు మించి పైకి తేలలేదు.

ఇక మీదట దేశంలో ఎవరైనా సరే అరవై అయిదేళ్లు నిండేదాకా పనిచేయాల్సిందేనని, లేకపోతే రేపటివాళ్లకి పెన్షన్లు ఉండవని టీవీలో మంత్రి చెబుతున్నాడు. ఎవరు ఎన్నేళ్లు పనిచేశారన్నది ఇక చూడరు. అమ్మకి అప్పుడు యాభై రెండు. పదహారో ఏట మా ఊరి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి కూర్చుంది. నలభై ఏళ్ల సర్వీసు చాలన్న పాత చట్టం ప్రకారమైతే ఇంకో నాలుగేళ్లలో ఇంటికి వచ్చేయొచ్చు. కొత్త చట్టంతో ఆ నాలుగూ పదమూడయ్యాయి.

ఆ చట్టం తెచ్చింది నాన్న పార్టీయే. యుగోస్లావియా ఉన్న రోజుల్లో, దేశానికంతటికీ ఒక్కటే పార్టీ ఉన్నప్పుడు అందులో చేరాడాయన. తర్వాత దేశం మారింది, పార్టీ పేరు మార్చుకుంది, నాన్న మాత్రం అందులోనే ఉండిపోయాడు. పొద్దున మంచినీళ్ల సరఫరాలో సూపర్‌వైజరు, సాయంత్రం పట్టణ కౌన్సిల్ సభ్యుడు. రాబోయే శరత్కాలంలో పార్లమెంటు ఎన్నికలకి మా ప్రాంతం నుంచి ఆయన్నే నిలబెట్టాలనుకుంటున్నారు. అమ్మేమో ఫ్యాక్టరీలో యూనియన్ ప్రతినిధి. కుట్టుపనివాళ్ల యూనియన్ జాతీయ కమిటీలో ఉన్న ఏడుగురిలో ఒకతె.

యూనియన్లన్నీ కలిసి ఆ చట్టం మీద రెఫరెండం, అంటే జనమే ఓటేసి తేల్చడం, కావాలన్నాయి. దానికి నలభై వేల మంది సంతకాలు కావాలి. గడువు ముప్పై అయిదు రోజులు. వీధిలో బల్ల వేసుకుని పెట్టించుకునే సంతకాలు కావవి. ప్రతి మనిషీ గుర్తింపు కార్డు పట్టుకుని ప్రభుత్వ కార్యాలయానికి వచ్చి, గుమస్తా కళ్లముందు ఫారం మీద సంతకం పెట్టాలి. మా ఊళ్లో ఆ గుమస్తాని నేనే. మూడో కిటికీ, దార్యా అన్న పేరుపలక.

మా ఆఫీసు పెద్ద రెమెత్స్ గారు మొదటిరోజే నన్ను గదిలోకి పిలిచింది. మీ అమ్మ ఏమిటో, మీ నాన్న ఏమిటో ఊరందరికీ తెలుసు, ఆ కిటికీ వెనక నువ్వు ఎవరి కూతురివీ కావు అని చెప్పింది. కార్డు అడగాలి, మొహం చూడాలి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాలి. ఒక్క మాట ఎక్కువ మాట్లాడకూడదు. సరేనన్నాను. ఇంట్లో కూడా ఎంతమంది వచ్చారో చెప్పకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అమ్మ ఒక్కరోజు కూడా అడగలేదు.

అడిగినా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటివారం మొత్తం మీద ముప్పై ఒక్క మంది వచ్చారు. జనానికి ఇష్టం లేక కాదు. ఫ్యాక్టరీ షిఫ్టు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. మా ఆఫీసు ఎనిమిదికి తెరిచి ఒంటిగంటకి మూసేస్తుంది. బుధవారం ఒక్కరోజే సాయంత్రం దాకా ఉంటుంది. శనివారం కూడా తెరవమని యూనియన్ అర్జీ పెడితే, అందుకు పైనుంచి ఉత్తర్వు రావాలని రెమెత్స్ గారు జవాబు రాసింది. ఉత్తర్వు రాలేదు.

రెండోవారం సోమవారం తొమ్మిది గంటలకి ఇద్దరు ఆడవాళ్లు నీలం ఏప్రన్ల మీదే కోట్లు తగిలించుకుని నా కిటికీ ముందుకొచ్చారు. సంతకం పెట్టి పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు. వాళ్లు గుమ్మం దాటిన పావుగంటకి ఇంకో ఇద్దరు. ఆ తర్వాత మరో ఇద్దరు. పదకొండు గంటలకి నాకు విషయం అర్థమైంది. ఫ్యాక్టరీలో అమ్మ పనిచేసే హాల్లో మొత్తం యాభై రెండు మిషన్లు. ఇద్దరు లేచి వెళితే వాళ్ల ముందున్న గుడ్డముక్కల్ని అటుపక్క, ఇటుపక్క ఉన్నవాళ్లు పంచుకుని కుడుతున్నారు. వాళ్లు తిరిగొచ్చాక తర్వాతి ఇద్దరు లేస్తున్నారు.

హాల్లో ఏం జరిగిందో గురువారం తన వంతుకి వచ్చినప్పుడు ఫదీల చెప్పింది. ఫదీల అమ్మ పక్క మిషన్ మీద పనిచేస్తుంది, బోస్నియా యుద్ధంలో ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని మా ఊరికి వచ్చిన మనిషి. మేనేజరు గట్టిగా అరుస్తూ వచ్చాడట. అమ్మ మిషన్ ఆపకుండానే, "షిఫ్టు అయ్యాక చొక్కాలు లెక్కపెట్టుకోండి. కోటాకి ఒక్కటి తగ్గినా నన్ను ఇంటికి పంపించండి" అందట. షిఫ్టు ముగిసేసరికి కోటా పూర్తయి పైన మూడు చొక్కాలు మిగిలాయి. మేనేజరు రెండుసార్లు లెక్కపెట్టించి, మర్నాటి నుంచి ఆ హాల్లోకి రావడం మానేశాడు.

ఇదంతా ఫదీల కిటికీ ముందు నిలబడి గబగబా చెప్పేసింది. నేను జవాబివ్వకుండా ఫారం ముందుకు జరిపాను. ఆవిడ పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఏదైనా సందేహమా అని అడిగాను, అంతవరకు అడగొచ్చు కాబట్టి.

"సందేహమేం లేదమ్మా," అంది. "పందొమ్మిదేళ్లుగా ఈ దేశంలో నేనే అందర్నీ అడుగుతూ వచ్చాను. ఉండనిస్తారా, పని ఇస్తారా, కాగితాలిస్తారా అని. నా మాటేమిటని ఈ దేశం నన్ను అడగడం ఇదే మొదలు. నిదానంగా రాయనీ."

ఒక్కో అక్షరం కుట్టినట్టుగా రాసింది.

ఆ రోజు అందరికంటే చివర అమ్మ వచ్చింది. ఒంటిగంటకి ఇంకా అయిదు నిమిషాలుంది. నేను ఆవిడ మొహంలోకి చూసి, "మీ గుర్తింపు కార్డు ఇవ్వండి" అన్నాను. నా జీవితంలో అమ్మని మీరు అనడం అదొక్కసారే. అమ్మ నవ్వలేదు. కార్డు తీసి, "ఇదిగోండి" అంది. ఫొటోతో మొహం పోల్చి చూశాను, అందరికీ చూసినట్టే. ఫొటోలో కంటే కళ్ల కింద నలుపు ఎక్కువుంది. పుట్టినతేదీ సరిచూసుకుని, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించాను. ఆవిడ పెట్టింది. తప్పుగా ఏమీ మాట్లాడకుండా నా పని నేను చేస్తున్నానని ఆవిడకి గర్వంగా ఉందని నాకు తెలుసు. ఇంటికెళ్లాక ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఇరవై మూడో రోజుకి దేశమంతటా ఇరవై ఆరువేల చిల్లర సంతకాలు వచ్చాయని రేడియోలో చెప్పారు. ఆ ఆదివారం మధ్యాహ్నం పార్టీ జిల్లా కార్యదర్శి హాబ్యాన్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో అమ్మ కోసం పూలగుత్తి. అమ్మ ఇంట్లో లేదు, యూనియన్ పని మీద త్సేల్యే పట్టణానికి వెళ్లింది. నేను కాఫీ పెట్టిచ్చి పక్కగదిలోకి వెళ్లాను గానీ, మా ఇంటి గోడలు పల్చన.

హాబ్యాన్ చెప్పిందేమిటంటే, గురువారంనాడు మంత్రిత్వశాఖ కుట్టుపనివాళ్ల యూనియన్‌ని పిలిచి ఒక కాగితం ముందు పెడుతుంది. కుట్టుపనివాళ్లకీ చెప్పులు కుట్టేవాళ్లకీ పాత చట్టమే వర్తిస్తుందని అందులో ఉంటుంది. బదులుగా ఆ యూనియన్ సంతకాల పని ఆపేయాలి. వాళ్లు తప్పుకుంటే మిగతావాళ్లు నలభై వేలకి చేరుకోలేరు. కమిటీలో ముగ్గురు ఒప్పుకున్నారు, ముగ్గురు కాదన్నారు.

"ఏడో చెయ్యి మీ ఆవిడది, వింకో," అన్నాడు హాబ్యాన్. "నిన్ను అబద్ధమాడమని అనడంలేదు. ఆమెకి మేలయ్యేదే చెప్పమంటున్నాను. ఇంట్లో మాట నడవని మనిషిని ఊళ్లో నిలబెట్టడం మాకూ కష్టమే కదా."

నాన్న ఏమన్నాడో వినిపించలేదు.

అమ్మ సాయంత్రం వచ్చింది. నాన్న ఉప్పులో ఊరిన టర్నిప్ కూర వేడిచేసి పెట్టి, తిన్నాక చెబుతానన్నాడు. అమ్మ ఇప్పుడే చెప్పమంది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు, అభ్యర్థిత్వం సంగతితో సహా. పూలు హాబ్యాన్ తెచ్చాడని కూడా చెప్పాడు. అమ్మ చాలాసేపు కుడిచేతి బొటనవేలు ఎడమచేత్తో నొక్కుకుంటూ కూర్చుంది. అప్పటికి రెండేళ్లుగా ఆ వేలు పొద్దున్నపూట వంగడంలేదు.

"మరి నువ్వేమంటావు?" అని అడిగింది.

"ఆయన చెప్పమన్నది చెప్పాను," అన్నాడు నాన్న. "నేను మీ ఫారం మీద సంతకం పెట్టను జ్వోంకా. ముప్పై ఏళ్లు కలిసి నడిచిన పార్టీకి ఎదురు సంతకం పెట్టడం నా వల్ల కాదు. అలాగని నీ చెయ్యి ఎటు ఎత్తాలో చెప్పడం కూడా నా వల్ల కాదు."

అమ్మ తలూపి, కూర పళ్లెం ముందుకు లాక్కుంది.

ఆ కాగితం మాట బయటికి పొక్కకూడదని హాబ్యాన్ మరీమరీ చెప్పి వెళ్లాడు. అమ్మ సోమవారం మధ్యాహ్న భోజనం వేళ మిషన్లు ఆపించి, హాల్లో అందరికీ చెప్పేసింది. ఒకావిడ మోకాళ్లు పోయాయని, దొరికింది దొరికినట్టు తీసుకుందామని ఏడ్చిందట. అది తప్పని ఎవరూ అనలేదు. అందరూ ఎవరి రొట్టె వాళ్లు పట్టుకుని నేల చూస్తుంటే ఫదీల లేచింది. ఆమె భర్త ఇనుము కరిగించే పోతఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు.

"అక్కా, నేను నలభై ఏళ్ల సర్వీసుకే ఇంటికొచ్చి కూర్చుంటాను, బాగానే ఉంది," అందట. "మా ఆయన అరవై అయిదు దాకా ఆ మంట ముందు నిలబడి ఇంటికొస్తాడు. తలుపు తీసి ఆయన మొహం ఎలా చూడను?"

గురువారం అమ్మకి తోడుగా వెళ్లడానికి నేను సెలవు పెట్టాను. నాన్న కూడా సెలవు పెట్టి, రాజధాని ల్యుబ్లానాకి తనే కారు నడుపుతానన్నాడు. బస్సులో వెళతానని అమ్మ అంది. రోడ్డు మీద ఇంకా మంచు కరగలేదని ఆయన అన్నాడు. చివరికి ముగ్గురం కారెక్కాం. అమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని సావిన్య నది వైపు చూస్తూ కూర్చుంది.

మంత్రిత్వశాఖలో మమ్మల్ని రెండో అంతస్తు వసారాలో కూర్చోబెట్టారు. లోపల రేడియేటర్లు మరీ వేడెక్కిపోయాయేమో, తలుపు బార్లా తీసి ఉంచారు. పొడవాటి బల్లకి ఒకవైపు కమిటీ ఏడుగురు, రెండోవైపు ఉపమంత్రి, ఆయన లాయర్లు. ఉపమంత్రి మర్యాదస్తుడు. కాగితం చదివి వినిపించి, కుట్టుపని ఎంత కష్టమో ప్రభుత్వానికి తెలుసునని, తన తల్లి కూడా దర్జీపని చేసేదని చెప్పాడు. కమిటీ అధ్యక్షుడు అందరి అభిప్రాయాలూ అడుగుతూ వచ్చి అమ్మ దగ్గర ఆగాడు.

అమ్మ లేచి నిలబడింది. నిలబడనక్కర్లేదని ఎవరో అన్నారు.

"కూర్చుని పనిచేసేదాన్ని కదా, ఒక్కసారి నిలబడనివ్వండి," అంది. "ఈ కాగితం నేను మూడుసార్లు చదివాను. ఇందులో నేనున్నాను. పోతపనివాళ్లు లేరు, ఆస్పత్రులు తుడిచేవాళ్లు లేరు, బస్సు నడిపేవాళ్లు లేరు. మా హాల్లో ఒకామె లేచి వెళితే ఆమె చొక్కా పక్కామె కుడుతుంది. అలా కుట్టే ఇన్ని సంతకాలు తెచ్చాం. ఇప్పుడు మా చొక్కా మాత్రం పూర్తిచేసుకుని మేం లేచిపోతే, ఇక ఆ హాల్లో నా మాట మీద ఎవరూ ఒక్క కాలరు కూడా కుట్టరు. కుట్టకూడదు కూడా."

"అమ్మగారూ, చట్టాలు చేసేది పార్లమెంటు కదా, యూనియన్లు కాదు కదా" అన్నాడు ఉపమంత్రి, నెమ్మదిగానే.

"చెయ్యండి," అంది అమ్మ. "చేసేముందు మమ్మల్ని పిలవండి. చేశాక పిలిచి కొంచెం కొంచెం పంచిపెట్టకండి."

కూర్చుంది. అధ్యక్షుడు ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నాడు. కాగితానికి ఒప్పుకుంటామని ముందే మాటిచ్చిన ముగ్గురిలో ఇద్దరే చేతులెత్తారు. మూడో మనిషి, నెరిసిన మీసాల ముసలాయన, తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు తీశాడో నేను గమనించలేదు.

శనివారం నాన్న హాబ్యాన్ దగ్గరికి వెళ్లి, అభ్యర్థిగా వేరే మనిషిని చూసుకోమని చెప్పి వచ్చాడు. పార్టీలో ఉంటానన్నాడట. కౌన్సిల్లోనూ ఉంటానన్నాడట. ఇంటికి తిరిగొచ్చి, కారు వెనక సీట్లో ఉన్న పైపుముక్కలు, పారలు తీసి షెడ్డులో పడేసి, సీటు తుడవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, కొండమీద ఊళ్లలో ఇంటి దగ్గర బొత్తాలు కుట్టే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారని అమ్మని అడిగాడు. డెబ్భై దాకా ఉంటారని అమ్మ చెప్పింది. ఆ పల్లెలకి బస్సు వారానికి రెండుసార్లే వెళుతుంది.

"నేను సంతకం పెట్టను," అన్నాడు నాన్న. "కారు నడుపుతాను."

ఆ చివరివారం ఆయన సెలవులన్నీ అలా అయిపోయాయి. నలుగురు చొప్పున ఎక్కించుకుని కొండ దిగేవాడు, మా ఆఫీసు ముందు దింపేవాడు, కారులోనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. దారిలో ఆ ముసలమ్మలు ఆయన్ని ఆటపట్టించారని తర్వాత తెలిసింది. "ఏమయ్యా కౌన్సిలరూ, మీ ఆవిడ నిన్ను ఏ గేరులో పెట్టింది?" అని ఒకావిడ అడిగితే, "ఈ ఎత్తు మీద ఒకటో గేరే అవ్వా" అన్నాడట.

ఆఖరిరోజు శుక్రవారం. మంచు కరిగి వీధంతా బురద. పన్నెండున్నరకి మా మెట్లమీద నుంచి రోడ్డు దాకా జనం ఉన్నారు. పోతఫ్యాక్టరీ వాళ్లు మసి మొహాలతో వచ్చారు, ఆస్పత్రి నర్సులు వచ్చారు, మా బడిలో నాకు పాఠం చెప్పిన మాస్టారు వచ్చారు. నా చెయ్యి ముద్రలు వేసి వేసి తిమ్మిరెక్కింది. ఒంటిగంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు రెమెత్స్ గారు గదిలోంచి బయటికొచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆవిడ వీధి తలుపు రెండు రెక్కలూ తెరిచి, రోడ్డుమీద ఉన్నవాళ్లందర్నీ లోపలికి రమ్మని, మెట్లమీద, వసారాల్లో, తన సొంత గదిలో కూడా నిలబెట్టి, ఒంటిగంటకి తలుపు తాళం వేసింది.

"ఒంటిగంటకి ఆఫీసు మూసేశాం," అని నాతో అంది. "లోపల ఉన్నవాళ్ల పని పూర్తిచేయడం మన విధి. నువ్వు కానీ."

ఆ రోజు ఆఖరి ఫారం మీద ముద్ర వేసేసరికి నాలుగున్నర దాటింది. గడువు ముగిశాక లెక్క చెప్పారు. నలభై ఏడువేల పైచిలుకు. మా పట్టణానివి అందులో పద్నాలుగు వందల అరవై రెండు. నేను సెలవు పెట్టిన ఆ గురువారంనాటివి తప్ప, వాటిలో ప్రతి ఒక్కటీ నా కళ్లముందు పెట్టిందే.

జూన్ మొదటి ఆదివారం ఓటు జరిగింది. మేం ముగ్గురం కలిసే బడికి నడిచి వెళ్లాం. నాన్న తెర వెనక కాస్త ఎక్కువసేపే ఉన్నాడు. ఏ గడిలో గీత పెట్టాడో అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు, ఆయన ఇప్పటికీ చెప్పలేదు. సాయంత్రానికి చట్టం ఓడిపోయింది. నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. అమ్మ టీవీ ముందు అయిదు నిమిషాలు కూర్చుని, పొద్దున్న షిఫ్టుందని వెళ్లి పడుకుంది. వీధిలో ఎవరో అకార్డియన్ వాయిస్తుంటే నాన్న ఒక్కడే కిటికీ దగ్గర నిలబడి విన్నాడు.

శరత్కాలంలో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు పెన్షను చట్టం మళ్లీ రాయాలనుకున్నారు, కానీ ఈసారి మొదటి పేజీ రాయకముందే యూనియన్లని బల్ల దగ్గరికి పిలిచారు. ప్రతి మంగళవారం సమావేశం. కుట్టుపనివాళ్ల తరఫున అమ్మ వెళ్లేది. వయసు పెంచక తప్పదని ఆవిడ కూడా చివరికి ఒప్పుకుంది. వెనకటిలా నలభై ఏళ్ల సర్వీసుకే ఇంటికి రావడం ఆవిడకి దక్కలేదు. కానీ పద్దెనిమిది నిండకముందే పనిలో చేరినవాళ్లకి ఆ ఏళ్లన్నీ పెన్షను వయసులోంచి తగ్గించాలన్న షరతు ఆ చట్టంలో ఉంది. దాన్ని అమ్మ పదకొండు మంగళవారాలు అడిగి అడిగి పెట్టించింది.

ఆ మంగళవారాల్లో మొదటిది నాకు బాగా గుర్తు. నాన్నే కారు నడిపాడు. మంత్రిత్వశాఖ గేటు దగ్గర కాపలా మనిషి జాబితాలో అమ్మ పేరు చూసి, సెల్యూట్ లాంటిది చేసి లోపలికి పంపించాడు. తర్వాత కారు కిటికీలోకి వంగి, నాన్నతో, మీ పేరు జాబితాలో లేదండీ, మీరెవరు అని అడిగాడు.

నాన్న ఇరవై ఏళ్లు కౌన్సిల్ సభ్యుడు. ఎక్కడికెళ్లినా ఆ మాటే ముందు చెప్పే అలవాటు ఆయనకి. వెనకసీట్లో కూర్చుని నేను దానికోసమే ఎదురుచూశాను.

ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి, కాలరు సర్దుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు లోపలికి వెళ్లిందే, ఆవిడ భర్తని," అన్నాడు.